నూతి నుంచి న్యాయస్థానం వరకు: కోనసీమలో జల రసాయన పరీక్షల చరిత్ర

వ్యాససంగ్రహం:
గోదావరి మధ్య డెల్టా అయిన కోనసీమలో నీటి సమస్య ప్రధానంగా లవణీయతకు సంబంధించినది. నీటిలో ఉప్పు ఎంత ఉన్నదో చెప్పగల రసాయన పరీక్ష పందొమ్మిదో శతాబ్ది మధ్యనాటికే సిద్ధమైంది. ఆ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం సమాధానం సులభంగా దొరకలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి జల్ జీవన్ మిషన్ వరకు నీటి పరీక్షా వ్యవస్థ పెరిగిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1996 నాటి రొయ్యల చెరువుల తీర్పును కేంద్రంగా తీసుకొని, విడి అంకెకూ ఏళ్ల తరబడి సాగిన అంకెల వరుసకూ సాక్ష్యంగా ఉన్న తేడాను వివరిస్తుంది.

కీలక పదాలు: కోనసీమ, గోదావరి డెల్టా, లవణీయత, క్లోరైడు, వ్యర్థజలం, రొయ్యల సాగు, జల చట్టం 1974.

1. ప్రవేశిక

గౌతమీ వసిష్ఠా పాయల నడుమ, బంగాళాఖాతం అంచున విస్తరించిన కోనసీమను పరాయి ప్రాంతంవారు నీటికి కొదువలేని సీమగా భావిస్తారు. పంట కాలువలు, బోదెలు, చెరువులు, కొబ్బరితోటల నడుమ నూతులు ఆ భావనను బలపరుస్తాయి. అయితే సముద్రతీర గ్రామాల్లో వేసవి వచ్చేసరికి అడిగే ప్రశ్న నూతిలో నీరు ఎంత ఉందని కాదు, ఆ నీరు తాగడానికి పనికివస్తుందా అని. పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, కొబ్బరి ఆకు అంచులు మాడిపోవడం వంటి గుర్తులతో తరతరాలుగా ప్రజలు నీటిని పరీక్షించుకున్నారు. వరద రోజుల్లో వచ్చే ఎర్రనీటిని తేర్చడానికి ఇండుప గింజను అరగదీయడం, పటిక కలపడం కూడా ఈ అనుభవజ్ఞానంలో భాగమే.

ఈ గుర్తులన్నీ నీరు చెడిందని చెప్పగలవు. ఎంత చెడిందో, ఎందుకు చెడిందో, ఎవరివల్ల చెడిందో చెప్పలేవు. ఆ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి ప్రయోగశాల త్వరగానే జవాబిచ్చింది. మిగిలిన రెండింటికి జవాబు వెదికిన క్రమమే కోనసీమ జల పరీక్షల చరిత్రలో ముఖ్యమైన భాగం. నష్టపరిహారం, జీవనోపాధి, తాగునీటి హక్కు ఈ రెండు ప్రశ్నల మీదే ఆధారపడి ఉన్నాయి.

2. నేల, కాలువ, ఉప్పు

కోనసీమ నేల నది తెచ్చిన ఒండ్రుతోనూ, సముద్రం వదిలిన ఇసుకతోనూ ఏర్పడింది. ఒకప్పటి తీరరేఖలకు గుర్తుగా మిగిలిన ఇసుక మెరకల మీద గ్రామాలు వెలిశాయి. మెరకల నడుమ పల్లాల్లో బంకమన్ను పరచుకొని ఉంది. మెరక ఇసుకలోకి ఇంకిన వాన నీరు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలియాడే పొరగా నిలుస్తుంది. మంచినీటికి సాంద్రత తక్కువ కావడం దీనికి కారణం. ఈ సంబంధాన్ని డచ్ ఇంజనీరు బాడన్ గైబెన్ 1880వ దశకం చివరలోనూ, జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బెర్గ్ 1901లోనూ విడివిడిగా లెక్కగట్టారు. వారి సూత్రం ప్రకారం సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, దాని కింద సుమారు నలభై అడుగుల లోతు వరకు మంచినీరే ఉంటుంది. తోడకం వల్ల పైమట్టం ఒక అడుగు తగ్గితే, సిద్ధాంతరీత్యా కింది ఉప్పునీరు నలభై అడుగులు పైకి రాగలదు. తీర గ్రామాల్లో లోతు తక్కువ నూతి చాలాకాలం మంచినీరు ఇవ్వడానికీ, దాని పక్కనే లోతుగా దింపిన గొట్టపు బావి ఉప్పునీరు ఇవ్వడానికీ ఈ సూత్రమే వివరణ.

ఈ సహజ సమతుల్యంలోకి 19వ శతాబ్ది మధ్యలో కాలువ ప్రవేశించింది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మధ్య డెల్టాకు నదీజలాన్ని మళ్లించింది. వైనతేయ పాయ మీద గన్నవరం వద్ద కట్టిన అక్విడక్టు ఆ నీటిని రాజోలు ప్రాంతంలోని నగరం లంకకు చేర్చింది. కాలువ నీరు పొలాన్ని తడపడంతోపాటు నేలలోకి ఇంకి నూతులకు ఊటనిచ్చింది, పైపొరల్లోని ఉప్పును కొంత కడిగివేసింది. ఎగువన ఉన్న కొత్తపేట ప్రాంతం, నడిమి అమలాపురం ప్రాంతం, సముద్రానికి ఆనుకొన్న రాజోలు ప్రాంతం ఒకే డెల్టాకు చెందినవైనా, కాలువ తలకు దూరం పెరిగేకొద్దీ నీటి స్వభావం మారుతుంది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు నదిలో ప్రవాహం సన్నగిల్లి, సముద్రపు పోటు పాయల్లోకి ఎగబాకుతుంది. అందువల్ల కోనసీమలో నీటి పరీక్షా ఫలితం నమూనా తీసిన చోటుతోపాటు తీసిన నెలను బట్టి కూడా మారుతుంది. ఈ వ్యాసంలోని వాదనకు ఈ అంశమే పునాది.

3. ప్రయోగశాల రాక

నీటిలో క్లోరైడును కొలిచే సులభమైన పద్ధతిని జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫ్రెడరిక్ మోర్ 1856లో ప్రకటించాడు. నమూనాలో కొద్దిగా పొటాషియం క్రోమేటు సూచకం వేసి, సిల్వర్ నైట్రేటు ద్రావణాన్ని చుక్కలుగా వదులుతారు. క్లోరైడు ఉన్నంతసేపు తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. అది పూర్తయిన క్షణాన ఇటుక ఎరుపు పొడచూపుతుంది. అప్పటికి పట్టిన ద్రావణం కొలతను బట్టి క్లోరైడు ఎంతో లెక్కిస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాలుగేళ్లకే వెలువడిన ఈ అంశమాపనం నేటికీ జిల్లా స్థాయి ప్రయోగశాలల్లో నిత్యకృత్యం.

దక్షిణాదిన ప్రజారోగ్య ప్రయోగశాలకు ప్రధాన కేంద్రం 1899లో ఏర్పడిన మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. నీటి రసాయన విశ్లేషణ తెలుగు ప్రాంతంలో ఒక వ్యాధి మూలాన్ని తేల్చిన ప్రసిద్ధ సందర్భం ఈ సంస్థతోనే ముడిపడి ఉంది. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఎముకలు బిగిసి నడుములు వంగిపోయిన మనుషుల వ్యాధికి నూతి నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో హెచ్. ఇ. షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. రంగు, రుచి, వాసన ఏదీ పట్టివ్వని దోషాన్ని రసాయన పరీక్ష పట్టించిన ఉదంతం ఇది.

ఫ్లోరైడు ఉదంతానికీ కోనసీమ ఉప్పు సమస్యకూ ఉన్న భేదం గమనించదగినది. ఫ్లోరైడు రాతిలోని ఖనిజాల నుంచి నీటిలోకి వస్తుంది. దాని మూలం భూగర్భంలోనే ఉంది కనుక నీటిని ఒకసారి పరీక్షించినా కారణాన్ని నిశ్చయించవచ్చు. ఉప్పు విషయం అటువంటిది కాదు. నాలుక దాని ఉనికిని ముందే పట్టేస్తుంది, ప్రయోగశాల దాని పరిమాణాన్ని తేలికగా కొలుస్తుంది. దాని మూలం మాత్రం ఒకటి కాదు. పురాతన సముద్రం బంకమన్నులో వదిలిపోయిన ఉప్పు, నేటి సముద్రం నుంచి చొచ్చుకువచ్చే ఉప్పు, ఉప్పెన తెచ్చిపోసే ఉప్పు, మనిషి పొలంలోకి తెచ్చి నిలబెట్టిన ఉప్పు అన్నీ ఒకే నూతిలో కలవవచ్చు.

4. ప్రమాణం, చట్టం

స్వాతంత్ర్యానంతరం నీటి పరీక్ష రెండు వేర్వేరు మార్గాల్లో పెరిగింది. మొదటిది తాగునీటి మార్గం. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 తొలుత 1983లో వెలువడి 1991లోనూ, 2012లోనూ సవరణ పొందింది. దాని ప్రకారం లీటరు తాగునీటిలో క్లోరైడు 250 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే నీటివనరు లేనిచోట 1000 వరకు అనుమతి ఉంది. కరిగి ఉన్న మొత్తం ఘనపదార్థాలకు ఈ అంకెలు 500, 2000. సముద్రజలంలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది. అంటే వంద బిందెల మంచినీటిలో బిందెన్నర సముద్రజలం కలిసినా మొదటి హద్దు దాటిపోతుంది. 250కీ 1000కీ మధ్య ఉన్న వ్యవధిలోనే తీర గ్రామాలు ఎన్నో జీవిస్తున్నాయి.

రెండవది వ్యర్థజల మార్గం. మురుగునీటి మీద బ్రిటిష్ రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదవ నివేదిక బి.ఓ.డి. పరీక్షకు రూపమిచ్చింది. నీటిలోని కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు హరించడానికి ఎంత ఆమ్లజని అవసరమో ఈ పరీక్ష కొలుస్తుంది. అక్కడ ఐదు రోజుల గడువు స్థిరపడగా, భారతదేశంలో 27 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద మూడు రోజుల పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం ఈ పరీక్షలకు చట్టబలం చేకూర్చింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది.

ఈ చట్టంలోని 21వ సెక్షన్ చరిత్రకారుడి దృష్టిని ఆకర్షిస్తుంది. ఏటి నుంచి, నూతి నుంచి, వ్యర్థజలం నుంచి నమూనా తీసే అధికారాన్ని అది మండలికి ఇచ్చింది. అయితే వ్యర్థజల విశ్లేషణ ఫలితం న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లాలంటే ప్రత్యేక విధానం పాటించాలి. యజమానికి నోటీసు ఇవ్వాలి. నమూనాను రెండు భాగాలు చేసి ముద్ర వేసి సంతకాలు తీసుకోవాలి. సీసాలోని నీరు అప్పటి నుంచి శాస్త్రీయ వస్తువుగానే కాక న్యాయ వస్తువుగానూ మారింది. కలుషితం చేశాడన్న ఆరోపణ ఎదుర్కొనేవానికి ఈ విధానం రక్షణ కల్పించింది. తన నూతి చెడిందని చెప్పుకొనే గ్రామస్థుడు మాత్రం, నిన్నటి నీరు ఎలా ఉండేదో చూపే పత్రం లేకుండానే మండలి ముందు నిలబడవలసి వచ్చింది.

5. రొయ్యల చెరువులు, సుప్రీంకోర్టు

ఈ రెండు మార్గాలూ ఎదురుపడిన ఘట్టం 1990వ దశకంలో వచ్చింది. తూర్పుతీరం పొడవునా ఉప్పునీటి రొయ్యల సాగు వేగంగా విస్తరించింది. కోనసీమలో కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం, మలికిపురం, సఖినేటిపల్లి వంటి తీర మండలాలు ఆ సాగు పరిధిలోకి వచ్చాయి. వరిచేను పక్కనే ఉప్పునీరు నిలిపిన చెరువు వెలిసింది. పెట్టుబడి తిరిగి వచ్చినచోట ఆదాయం కూడా ఎక్కువే. ఊట పక్కచేలలోకి దిగినచోట, మురుగుకోడు నీరు చెడినచోట తగవులు పుట్టాయి.

తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ గ్రామ స్వరాజ్య ఉద్యమం తరఫున 1994లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరప్రాంతాలను పరిశీలించి నివేదిక ఇవ్వవలసిందిగా 1995 మార్చి 27న న్యాయస్థానం నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థను ఆదేశించింది. నివేదిక ఏప్రిల్ 23 తేదీతో, నాలుగు వారాలు నిండక మునుపే అందింది. ఉప్పునీటి ఊటవల్ల సాగుభూములూ తాగునీటి వనరులూ చెడుతున్నాయన్నది అందులో ప్రధానాంశం. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సఘీర్ అహ్మద్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలని, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలని, ముందుజాగ్రత్త సూత్రం పాటించాలని ఆదేశించింది. ఈ తీర్పు ఫలితంగా 1997లో ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది. అనంతరం 2005లో పార్లమెంటు తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టం చేసింది.

తీర్పుకు ముప్పై ఐదు రోజుల ముందు, 1996 నవంబరు 6న, పెనుతుపాను కోనసీమను తాకింది. కొబ్బరితోటలు కూలిపోయాయి. ఉప్పెన నీరు తీర గ్రామాల్లోకి చొచ్చుకువచ్చింది. ఆ డిసెంబరులో ఒక తీర గ్రామపు నూతి నీటిని పరీక్షించి క్లోరైడు 900 మిల్లీగ్రాములని తేలిందని ఊహిద్దాం. అందులో చెరువు వాటా ఎంత, ఉప్పెన వాటా ఎంత, ముందునుంచీ ఉన్నదెంత అన్న ప్రశ్నకు ఆ అంకె ఒక్కటే జవాబు ఇవ్వజాలదు. రొయ్యల సాగుకు ముందటి కొలతలు, తుపానుకు ముందటి కొలతలు ఉన్న నూతికే ఆ వివేచన సాధ్యం.

6. ఒక్క అంకె చెప్పలేనిది

రసాయన శాస్త్రం ఈ విషయంలో పూర్తిగా నిస్సహాయమేమీ కాదు. సముద్రజలంలో కాల్షియం కంటే మెగ్నీషియం ఎక్కువ. కాలువ నీటిలో బైకార్బొనేటుది పైచేయి. ఉప్పునీరు కొత్తగా మంచినీటి పొరలోకి చొరబడేటప్పుడు బంకమన్ను సోడియాన్ని పట్టుకొని కాల్షియాన్ని వదులుతుంది. పాత ఉప్పునేలను మంచినీరు కడిగేటప్పుడు దీనికి విరుద్ధంగా కాల్షియాన్ని పట్టుకొని సోడియాన్ని వదులుతుంది. అందువల్ల సోడియం, క్లోరైడుల మోలార్ నిష్పత్తి సముద్రజలంలోని 0.86 కంటే తక్కువగా ఉంటే ఉప్పు ముందుకు వస్తున్నదని, ఎక్కువగా ఉంటే వెనక్కు తగ్గుతున్నదని సాధారణంగా అర్థం చేసుకోవచ్చు. క్లోరైడుతోపాటు నైట్రేటు కూడా పెరిగితే మరుగుదొడ్డి గుంటలనో, ఇళ్ల మురుగునో అనుమానించవచ్చు.

కానీ సముద్రం నుంచి నేరుగా చొరబడిన నీటికీ, అదే సముద్రం నుంచి తోడి చెరువులో నిలిపిన నీటికీ ఉప్పుల పాళ్లలో తేడా కనిపించదు. రెండూ ఒకే నీరు. నిష్పత్తి చెప్పలేని ఈ భేదాన్ని కాలమూ స్థలమూ చెప్పాలి. చెరువు తవ్వకముందు ఎంత, తవ్విన తరువాత ఎంత, చెరువుకు పది బారల దూరంలో ఎంత, వంద బారల దూరంలో ఎంత అన్న వరుస ఉంటేనే కారణం తేలుతుంది.

వ్యర్థజల పరీక్షలకూ ఇటువంటి పరిమితులే ఉన్నాయి. బి.ఓ.డి. పరీక్ష కుళ్లే పదార్థాన్ని కొలుస్తుంది, ఉప్పును కొలవదు. ఆ హద్దులో నిలిచిన చెరువు నీరు కూడా పక్క నూతిని ఉప్పుచేయగలదు. ఇక డైక్రోమేటుతో చేసే సి.ఓ.డి. పరీక్షలో క్లోరైడు కూడా ఆక్సీకరణం చెంది ఫలితాన్ని లేనిపోని ఎత్తుకు తీసుకుపోతుంది. దీన్ని అడ్డుకోవడానికి మెర్క్యూరిక్ సల్ఫేటు కలుపుతారు. ఉప్పు బాగా హెచ్చినప్పుడు అదీ చాలదు. కరిగి ఉన్న ఆమ్లజనిని కొలిచే వింక్లర్ పద్ధతిలో నమూనాను చెరువుగట్టు మీదే మాంగనీస్ లవణంతో స్థిరీకరించాలి. తీర గ్రామం నుంచి దూరపు ప్రయోగశాలకు మామూలు సీసాలో పంపిన నమూనా దారిలోనే తన స్వభావం మార్చుకుంటుంది.

7. వర్తమాన స్థితి

1995 నుంచి 2003 వరకు ప్రపంచబ్యాంకు సహాయంతో సాగిన హైడ్రాలజీ ప్రాజెక్టు ఆంధ్రప్రదేశ్‌తో సహా ద్వీపకల్ప రాష్ట్రాల్లో భూగర్భజల పరిశీలక బావులను, నీటి నాణ్యతా ప్రయోగశాలలను పెంచింది. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావుల నుంచి సాధారణంగా మే నెలలో రసాయన విశ్లేషణకు నమూనాలు తీస్తుంది. కోనసీమలో మే అంటే కాలువలు కట్టివేసి, నదీప్రవాహం సన్నగిల్లే కాలం. ఆ అంకె ఏడాదిలోని గడ్డు కాలాన్ని చూపుతుంది. కాలువ నీరు, వాన నీరు ఆ ఉప్పును ఎంతవరకు కడిగాయో తెలియాలంటే వర్షాకాలం తరువాతి అంకె కూడా దాని పక్కన ఉండాలి.

2009లో వనామి రొయ్యకు అనుమతి లభించడంతో సమస్య రూపం మారింది. తక్కువ ఉప్పులోనూ పెరిగే ఈ జాతివల్ల సాగు తీరం నుంచి లోపలికి జరిగింది. తీర జలసాగు చట్టం పరిధి పోటు రేఖ నుంచి రెండు కిలోమీటర్లు మాత్రమే. మరోవైపు గ్రామాల్లో శుద్ధజల కేంద్రాలు వెలిశాయి. రివర్స్ ఆస్మోసిస్ యంత్రం ఉప్పును నాశనం చేయదు, వేరు చేస్తుంది. సగం నీటిని శుద్ధిచేసి సగాన్ని వదిలే యంత్రం నుంచి మురుగులోకి పోయే నీటిలో లవణం దాదాపు రెట్టింపు ఉంటుంది. ఒక బిందె తాగునీటి వెనుక ఒక బిందె వ్యర్థజలం ఉన్నదన్న సత్యం తాగునీటి పరీక్షా పత్రంలో కనిపించదు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు క్షేత్ర పరీక్షా పరికరాల వాడకంలో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. చుక్కలు లెక్కించి క్లోరైడు తెలుసుకొనే ఈ చిన్న పెట్టె మోర్ అంశమాపనానికి దగ్గరి బంధువు. ప్రయోగశాలతో పోలిస్తే దాని ఖచ్చితత్వం తక్కువ. ప్రతి నెలా అదే నూతి దగ్గర వాడితే మాత్రం, ఏడాదికి ఒకసారి వచ్చే ఖచ్చితమైన అంకె ఇవ్వలేని కదలికను అది చూపగలదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడటంతో ఇటువంటి రికార్డును ఒకేచోట చేర్చడానికి పరిపాలనాపరమైన వీలు కూడా కలిగింది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. కోనసీమ నీటిలో ఉప్పును కొలిచే పరీక్ష ఆనకట్ట కాలం నాటిది. సాంకేతిక సామర్థ్యం లేకపోవడం ఇక్కడి సమస్యకు మూలం కాదు.

2. నీటి పరీక్ష ప్రతిసారీ వ్యాధి ప్రబలాకనో, వ్యాజ్యం వేశాకనో, విపత్తు ముగిశాకనో జరిగింది. అందువల్ల నష్టానికి ముందటి స్థితిని చూపే సాక్ష్యం అరుదయింది.

3. తాగునీటి పరీక్ష, వ్యర్థజల పరీక్ష వేర్వేరు చట్టాల కింద, వేర్వేరు శాఖల చేతుల్లో ఎదిగాయి. నేల కింద ఆ రెండు నీళ్లూ కలిసే ఉన్నాయి. వాటి ఫలితాలను పక్కపక్కన పెట్టి చదవనిదే కారణం తేలదు.

4. సముద్రపు ఉప్పునూ చెరువు ఉప్పునూ వేరుచేసి చూపగలిగేది స్థలకాలాల వారీగా కూర్చిన కొలతల వరుస ఒక్కటే.

భూమికి హద్దు తగవు వస్తే గ్రామం పాత అడంగళ్లు తిరగేస్తుంది. ఎవరు సాగుచేశారో, ఏ పంట వేశారో ఏటేటా రాసిపెట్టిన లెక్క అక్కడ దొరుకుతుంది. నూతికి అటువంటి అడంగలు లేదు. పంచాయతీ కార్యాలయంలో ప్రతి నూతికీ ఒక పుట, ప్రతి నెలకూ ఒక గడి ఉన్న పుస్తకం ఉంటే, రేపు నీరు ఉప్పయిందని చెప్పే కోనసీమ గ్రామస్థుడి మాటకు నాలుకతోపాటు లెక్క కూడా సాక్ష్యం పలుకుతుంది.